పిల్లలకు నేర్పిన నంబరు

మా తమ్ముడు పోయాడు. దోహాలో ఒక బడి బయట, కార్ల వరుసలో, డ్రైవరు సీట్లోనే గుండె ఆగిపోయింది. బడి విడిచారు, ముందు కార్లు కదిలాయి, వాడి కారు కదల్లేదు. వెనకవాళ్ళు హారన్ కొట్టారట. గేటు దగ్గరి నేపాలీ కాపలాదారు వచ్చి అద్దం తట్టి చూశాడట. ఆ కబురు నాకు, దోహాకు గంట దారిలో ఉన్న అల్ ఖోర్‌లో, నేను వంట చేసే ఇంట్లో, బియ్యం కడుగుతుండగా వచ్చింది. కడగడం పూర్తి చేశాను. ఎసట్లో పోశాను. అప్పుడు కూర్చున్నాను.

నలుగురిలో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరువాడు. మా ఇద్దరికీ పదకొండేళ్ళ తేడా. శవపెట్టెతో పాటు ఊరికి వెళ్ళడానికి నాకు లీవు దొరకలేదు. కార్గో దగ్గర దండం పెట్టి పంపించాను. శంషాబాద్‌లో మా మధ్యవాడు, నడిపి తమ్ముడు, దించుకున్నాడు.

ఇంటి డ్రైవరు పని సగం నడపడం, సగం కాచుకోవడం. వాడు పన్నెండింటికే వెళ్ళి గోడ నీడ పడే చోట కారు పెట్టుకునేవాడు. సేఠ్ పిల్లలు ఒంటిగంటన్నరకు గాని బయటికి రారు. ఆ గంటన్నర వాడిది. స్టీరింగుకు ఫోను ఆనించి, కాజీపేట స్టేషను వెనక ఉన్న ఒక రెండు గదుల ఇంటికి వీడియో కాల్ చేసేవాడు. అక్కడ అప్పటికి మధ్యాహ్నం అన్నాలు అయి ఉంటాయి. రైలు పెట్టెలు ఊడ్చి, సీసాలు ఏరుకుని బతికే పిల్లలను ఒక రిటైరైన పంతులమ్మ ఆ ఇంట్లో ఉంచుకుని చదివిస్తోంది. బియ్యం, పుస్తకాలు ఇక్కడి మావాళ్ళు నలుగురైదుగురు కలిసి పంపేవారు. తమ్ముడు పాఠం పంపేవాడు.

గుండీ కుట్టుకోవడం. వేలి కణుపుతో ఎసరు కొలవడం. స్టేషనులో రైళ్ళ బోర్డు చదవడం. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే నలుగురికీ వినబడేటట్టు “నాకిష్టం లేదు, ఇడువు” అనడం. ఈ చివరిది రోజూ అనిపించేవాడు. వాళ్ళకు చూపించడానికి అద్దాలు మూసుకుని తానూ అరిచేవాడు. పక్క కార్ల డ్రైవర్లు, వీడికి ఎండ నెత్తికెక్కింది అని నవ్వుకునేవారట.

పిల్లలకు వాడు దుబాయ్ మామ. “దుబాయ్ గాదు బిడ్డా, ఖతర్” అని దిద్దితే, “ఖతర్ అంటే దుబాయ్ల ఏ వాడకట్టు మామా?” అందట ఒక పిల్ల. ఆ మాట నాకు చెప్పి రెండు వారాలు నవ్వాడు. ఆ పిల్ల సంగతే ముందుముందు చెప్పవలసి వస్తుంది.

అన్ని పాఠాల కంటే మొదటిది వేరే ఉంది. పేరు, ఊరు, మండలం, ఒక ఫోను నంబరు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. దానికి కారణం వాడే. తొమ్మిదేళ్ళప్పుడు, బర్రె తప్పిపోయిందని నాయిన కొడితే రైలెక్కి పోయాడు. ఏ ఊరు నీది అని పోలీసులు అడిగితే ‘ఎల్లమ్మ గుడి కాడ’ అన్నాడట. ఎల్లమ్మ గుడి లేని ఊరు మా దిక్కున ఉందా? ఎనిమిది నెలలు నేను స్టేషన్లు తిరిగాను. కాజీపేటలో ఆగిన ఒక ప్యాసింజరులో, విప్పిన చొక్కాతో నేల తుడుస్తూ కనిపించాడు. నన్ను చూసి లేవలేదు. “అక్కా, అన్నం దెచ్చినవా?” అన్నాడు. తేలేదు. వెతకడమే గాని, దొరికితే ఏం పెట్టాలో ఆలోచించలేదు నేను.

పిల్లలకు నేర్పిన నంబరు వాడి ఖతర్ నంబరే. పంతులమ్మ ఫోను ఎప్పుడూ రిపేరులో ఉండేది. తమ్ముడిది, ఇక్కడికి వచ్చిన నెల తీసుకున్నది, పద్నాలుగేళ్ళుగా మారలేదు. “ఎవలి ఫోనన్న అడుక్కోని ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యుండ్రి. నేనే చేస్త” అనేవాడు. మనవాళ్ళకు ఇది కొత్త కాదు. ఊరి నుంచి మిస్డ్ కాల్ వస్తుంది, ఇక్కడి నుంచి ఫోను పోతుంది. ఆ పద్ధతి మీద ఎన్ని సంసారాలు నడవలేదు. తాను ఎత్తలేకపోతే ఇంకెవరైనా ఎత్తాలని ఫోనుకు తాళం కూడా పెట్టుకోలేదు.

ఖతర్ ఏ వాడకట్టు అని అడిగిన ఆ పిల్లకు అప్పటికి పదేళ్ళుంటాయి. పోలీసులకు ఒక పేరు, పంతులమ్మకు ఒక పేరు చెప్పింది. అసలు పేరు తమ్ముడికే చెప్పింది. ఇక్కడ రాయను. అంతకు ముందు మూడుచోట్ల నుంచి పారిపోయిన పిల్ల, ఈ ఇంట్లో ఏడాది దాటి ఉంది. తన చేత్తో గుండీ కుట్టి కెమెరాకు చూపించేది. ఒకరోజు అడిగిందట, నువ్వు నిజంగా ఉన్నావా, ఫోనులోనే ఉంటావా అని. వాడు, దసరాకు వస్త, నువ్వే చూద్దువు అన్నాడు.

తప్పు అక్కడ జరిగింది. మా ఇళ్ళల్లో లీవు తేదీని ఎవరూ తేదీ అనుకోరు. దసరా అంటే ఎండాకాలం లోపల ఎప్పుడో అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పిల్లకు అలాంటి ఇల్లు ఎన్నడూ లేదు. సేఠ్ తల్లికి ఆపరేషన్ వచ్చి తమ్ముడి లీవు వాయిదా పడింది. పంతులమ్మతో చెప్పించాడు, తానూ చెప్పాడు. పిల్ల తల ఊపింది. పండుగ వారం రోజూ ఉతికిన గౌను వేసుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చుని సాయంత్రానికి తిరిగి వచ్చేది. నాలుగో రోజు రాలేదు.

తరువాతి శుక్రవారం వాడు అల్ ఖోర్ వచ్చాడు. వంటింటి వెనక మెట్ల మీద కూర్చున్నాడు. చాయ్ ఇస్తే పట్టుకుని ఉన్నాడు, తాగలేదు.

“అక్కా, నువ్వు వస్తనని చెప్పలే. ఊకెనే వచ్చినవ్. నేను చెప్పిన. రాలే.”

చల్లారిన చాయ్ తీసుకుపోయి మళ్ళీ వేడి చేశాను.

ఫిబ్రవరిలో లీవు దొరికింది. నలభై రోజులూ వాడు ఇంట్లో లేడు. వరంగల్, రామగుండం, సికింద్రాబాద్, బల్లార్షా. మా మరదలు నాకు ఫోను చేసి, “వదినా, ఈయన మా పిల్లల మొఖం జూసుడు ఎప్పుడో మీరే అడుగుండ్రి” అంది. ఆమె బాధ ఆమెది. అడగలేకపోయాను. పిల్ల దొరకలేదు. తిరిగి ఇక్కడికి వచ్చాక కూడా వాడు పాఠం మానలేదు, కాని ఎవరు ఎప్పుడొస్తావని అడిగినా మాట మార్చేవాడు. ఇండియా నుంచి ఏ తెలియని మిస్డ్ కాల్ వచ్చినా, బడి ముందు వరుసలో ఉన్నా సరే, వెంటనే తిరిగి చేసేవాడు. రెండేళ్ళు అలాగే. ఎక్కువసార్లు అటునుంచి లోన్ ఇస్తామనేవాళ్ళే.

సేఠ్ ఇంటివాళ్ళు మంచివాళ్ళే. వాడి బట్టలు మడత పెట్టి, పైన ఫోను పెట్టి సంచి పంపించారు. నేను చార్జింగు పెట్టాను.

వాడు పోయిన పన్నెండో రోజు ఆ ఫోను ఒక్కసారి మోగి ఆగింది. చేతులు తుడుచుకుని తిరిగి చేశాను. రామగుండం స్టేషనులో చాయ్ దుకాణమతను. ఫోను ఎవరు అడిగారు బాబూ అన్నాను.

“ఎవలో పిల్ల అడిగిందమ్మా, ఇచ్చిన. మళ్ళ ఇచ్చి పోయింది. గీడ దినాం పదిమంది అడుగుతరు.”

ఎలా ఉంటుంది, ఎంత వయసు అన్నాను. చూడలేదన్నాడు. మళ్ళీ వస్తే, నేను తప్పకుండా ఫోను చేస్తానని చెప్పు అనబోయి ఆగిపోయాను. ఆ ‘తప్పకుండా’ నోటికి రాలేదు. నా నంబరు రాసుకోమన్నాను. “బండొచ్చిందమ్మా” అన్నాడు. కట్ అయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఇక్కడ సిమ్ కార్డు మనిషి బతాకాకు, అంటే గుర్తింపు కార్డుకు, ముడిపడి ఉంటుంది. మనిషి పోతే బతాకా రద్దు, దాని వెనక నంబరు. నా పేరు మీదికి మార్చమని దుకాణానికి వెళ్ళాను. ఎవరి పేరున ఉందో ఆ మనిషినే తీసుకురండి అన్నాడు కుర్చీలో అబ్బాయి. తరువాత నా ముఖం చూసి తల వంచుకున్నాడు.

రోజూ బియ్యం కడిగే ముందు దేవుడికి దండం పెట్టుకోవడం నాకు అలవాటు. ఇదివరకు అందరి పేర్లూ చెప్పి అడిగేదాన్ని. ఇప్పుడు ఏం అడగాలో తెలియక చేతులు మాత్రం జోడిస్తున్నాను.

మొన్న సోమవారం పొద్దున ఫోను మీద సిగ్నలు గీతలు పోయాయి. ఆ నంబరు ఇంకెవరికో ఇస్తారట. దాన్ని నోటికి నేర్చుకున్న పిల్ల ఎక్కడో ఉంది, ఉంటే.

ఫోను మాత్రం బియ్యం డబ్బా పక్కన చార్జింగులోనే ఉంచాను. ఎసరు మరిగేటప్పుడు తెర మీద ఆవిరి పడుతుంది. కొంగుతో తుడిచి, మళ్ళీ కనబడేటట్టు పెడతాను.