ఒకటిన్నర సైరన్‌కి లంచ్

మా ఆయన లెక్కల మాస్టారు. పెళ్లికి ముందు కొన్నాళ్లు రాష్ట్రం జట్టులో ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడారు. ఇందులో మొదటి మాట మా నాన్న నమ్మాడు. రెండోది నమ్మలేదు.

నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, భిలాయి ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ప్లాంటువాడు కాని మొగుణ్ణి నాకు కట్టబెట్టానన్న దిగులు ఆయనకు ఎలాగూ ఉంది. అల్లుడు అనేవాడే కాదు, 'మీ మాస్టారు' అనేవాడు. దానికి తోడు ఈ క్రికెట్ ఒకటి.

"ఆడినాడంటే ఎవడో ఒకడు చూసుండాల కదా. నువ్వు చూసినావేటి?"

నేను చూడలేదు. మా పెళ్లినాటికే ఆయన బ్యాటు వదిలేసి చాక్‌పీసు పట్టారు. ట్రంకుపెట్టెలో ఉన్న జట్టు స్వెట్టర్ తీసుకెళ్లి చూపించాను. దానికి భుజం దగ్గర ఎలుక కొట్టిన చిల్లు ఉంది. నాన్న ఆ చిల్లులో వేలు పెట్టి తిప్పి, "ఇలాటివి పవర్ హౌస్ బజార్లో కుప్పలు పోసి అమ్ముతన్నారు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా మొగుణ్ణి నేను ఏమన్నా అంటాను, ఇంకొకరంటే మాత్రం ఊరుకోను. ఒక్కసారి నాన్న కళ్ల ముందు ఈయన ఆడాలి, ఆ నోరు మూతపడాలి. అప్పట్లో నాకు అంతకు మించిన కోరిక లేదు. చీర కూడా అడగలేదు.

ఇంట్లో ఈయన్ని చూస్తే అనుమానం వచ్చే మాట వాస్తవమే. రోజూ స్నానం కాగానే బీరువా అద్దం ముందు నిలబడి, మూసిన గొడుగు పట్టుకుని, ఎడమ మోచెయ్యి పైకెత్తి, లేని బంతిని అడ్డుకునేవారు. ఒకసారి ఎందుకో హుషారొచ్చి గొడుగు నిజంగానే ఊపారు, ట్యూబులైటు పోయింది. క్లాసులో పిల్లాడెవరైనా తప్పు జవాబు చెబితే కొట్టడం, తిట్టడం లేదు. పొడుగు స్కేలు పైకెత్తి, ఆ జవాబును పక్కనుంచి పోనిచ్చేవారట. పిల్లలు ఆ తమాషా కోసమే తప్పులు చెప్పేవారు.

ఆయన దగ్గర క్రికెట్ కథ ఒక్కటే ఉండేది. ఒక మ్యాచ్‌లో పొద్దున్న మొదటగా దిగి, లంచ్ దాకా ఔటవకుండా నిలబడ్డారు. అంపైర్లు వికెట్ల మీది పుల్లలు తీసేశారు. ఈయన బ్యాటు చంకలో పెట్టుకుని, గ్లౌజులు ఒక్కో వేలే లాగుతూ భోజనానికి నడిచి వస్తుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. "ఎన్ని కొట్టారు?" అని కొత్తలో అడిగాను. "కొట్టడం కాదు, ఔటవలేదు" అన్నారు కాస్త నొచ్చుకుని. లంచ్ తరువాత ఏమైందో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మొహం చూసి నేనూ అడగలేదు.

నాన్నకీ ఒక పిచ్చి ఉంది. మధ్యాహ్నం రెండుగంటల డ్యూటీకి బయల్దేరమని ప్లాంటు సైరన్ ఒకటిన్నరకి మోగుతుంది. రిటైరయి ఏళ్లు గడిచినా, అది మోగితే చాలు, కంచం ముందు నుంచైనా సరే లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టేసి గొడుగు అందుకునేవాడు. "ఎక్కడికేటి?" అనేది అమ్మ. "ఎక్కడికీ నేదు" అని మళ్లీ కూర్చునేవాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్లం.

తొంభైల్లో ఒక చలికాలం, మా సెక్టారుకీ పక్కనున్న మరోదా సెక్టారు వాళ్లకీ ఆదివారం మ్యాచ్ పడింది. మొదట దిగాల్సిన కుర్రాడికి కామెర్లొచ్చాయి. కెప్టెన్ ఇంటికొచ్చి, "మాస్టర్‌జీ, ఆప్ హీ బచాయియే" అన్నాడు, మీరే కాపాడాలని. ఈయన చాలా బెట్టు చేశారు గానీ, నేను లోపలికెళ్లి చూసేసరికి స్వెట్టరు అప్పటికే పెట్టెలోంచి బయటికొచ్చి మంచం మీద ఉంది. చిల్లు నేనే కుట్టాను. తెల్లదారం లేక పసుపుపచ్చ దారంతో కుట్టాను. వెళ్లి నాన్నను చెయ్యి పట్టుకుని గ్రౌండుకి లాక్కొచ్చాను.

మా ఊరి మ్యాచ్‌ల పద్ధతి వేరు. ఆదివారమైనా ప్లాంటు ఆగదు కనక ఆటగాళ్లే మారేవారు. ఒకటిన్నర సైరన్ మోగగానే డ్యూటీ ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ మైదానంలోంచి నడిచి వెళ్లిపోయేవారు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న పడుకున్నవాళ్లు అప్పుడే లేచి, ఆవులిస్తూ, ఒకరిద్దరు లుంగీల్లోనే, వాళ్ల చోట్లలోకి వచ్చేవారు. ఆట మాత్రం ఆగేది కాదు. ఇది ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడికొచ్చాక గొడుగుతో తప్ప ఆడని మా ఆయనకి ఎవరూ చెప్పలేదు.

దిగారు. మొదటి బంతికి బ్యాటు పైకెత్తి పక్కనుంచి వదిలేశారు. రెండోదీ వదిలేశారు. మీదికొచ్చినదాన్ని మాత్రం కాలు ముందుకు చాపి, కాళ్ల దగ్గరే చచ్చి పడుండేలా ఆపారు. ఎంతసేపైనా ఇదే. "మారో మాస్టర్‌జీ" అని అరిచి అరిచి జనం అలిసిపోయి వేరుశనక్కాయలు కొనుక్కున్నారు. అవతలి కొసన మనవాళ్లు ఒకరి తరువాత ఒకరు వస్తున్నారు, కొడుతున్నారు, పోతున్నారు. ఈయన మాత్రం పాతిన గుంజలా అక్కడే ఉన్నారు.

"బంతి ముట్టుకోడానికి అంత బయ్యవయితే బ్యాటెందుకూ? సేతులు కట్టుకుని నిలబడొచ్చు కదా" అన్నాడు నాన్న, అందరికీ వినబడేలా. నేను టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని పళ్లు నూరుతున్నాను. ఒక్క సిక్సరు కొట్టండి బాబూ అని మనసులో దండం పెడుతున్నాను.

అప్పుడు సైరన్ మోగింది.

ఫీల్డర్లు సగంమంది నడవడం మొదలుపెట్టారు. అంపైరు తన టోపీ కొత్త అంపైరు నెత్తిన పెట్టి సైకిలెక్కాడు. అదంతా చూసి మా ఆయన బ్యాటు చంకలో పెట్టుకున్నారు. గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటీ లాగుతూ, తలెత్తుకుని, నావైపు నడిచి వస్తున్నారు. ఆయన వెనక బౌలరు పరుగెత్తుకొచ్చి, ఎవరూ లేని వికెట్ల మీదికి బంతి వేశాడు. మధ్య కర్ర ఎగిరిపడింది. గ్రౌండంతా ఒక్కసారి గొల్లున నవ్వి అరిచింది. ఆ గోల తనని మెచ్చుకోవడమే అనుకుని ఆయన బ్యాటు పైకెత్తి అందరికీ చూపించారు.

వచ్చి, "కూరేంటి?" అన్నారు.

నేను నోరు విప్పేలోపు కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు. "మాస్టర్‌జీ, ఆప్ ఔట్ హో గయే."

ఆయన వెనక్కి తిరిగి, పడిన కర్ర చూశారు. "లంచ్ కాదా?" అన్నారు చిన్నగా. నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. సిగ్గూ, కోపమూ, ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఇక జన్మంతా ఈ కథ నాన్న నోట వినాలి కదా అని పక్కకి చూశాను.

నాన్న లేచి నిలబడి ఉన్నాడు. చెప్పులు తొడిగేశాడు, గొడుగు చంకలో ఉంది. ఎదురుగా ఈయన, చంకలో బ్యాటు. అంతమందిలో నవ్వనివాళ్లు వాళ్లిద్దరే.

"ఎక్కడికి మావయ్యగారూ?" అన్నారు ఈయన.

"ఎక్కడికీ నేదు" అన్నాడు నాన్న. కూర్చోలేదు. ఈయన్ని కింద నుంచి పైదాకా, పసుపుపచ్చ దారం దాకా చూశాడు. తరువాత నావైపు తిరిగాడు.

"ఆడినాడే అమ్మీ. దొంగమాటలోడయితే సిక్సరు కొట్టి సూపించీవోడు. కూత వినబడితే కాళ్లు వాటంతటవే లెగిసి నడిసిపోడం ఊరికే రాదు."

నాకు ఏడుపాగలేదు. కళ్లు తుడుచుకుంటూ క్యారియర్ మూత తీయబోతే ఊడి రాలేదు. నాన్న దాన్ని లాక్కుని, గొడుగు పక్కన పెట్టి, మూత తనే తీశాడు.

"ఔటయితే అయినాడు. లంచి లంచే" అన్నాడు. "కూకో అల్లుడూ, తిందాం."