పార మీద గుడ్లు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎడ్నా ఇంగ్లండులోని యార్క్‌షైర్ రైలు షెడ్డులో ఆవిరి ఇంజన్లు తుడిచేది. మగవాళ్ళు యుద్ధం నుంచి తిరిగిరాగానే, ఇక ఇంటికెళ్ళి వంట చూసుకొమ్మన్నారు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. ముసలితనంలో, తుక్కు కింద అమ్మేయబోయిన అలాంటి ఇంజన్‌నే ఒకదాన్ని బాగుచేసే జట్టులో పట్టుబట్టి చేరి, ఏళ్ళ తరబడి తుప్పు గీకింది. మళ్ళీ ఆవిరి పుట్టించే రోజున అందరికంటే ముందొచ్చి, ఇంజన్ ఎక్కి, తానే నిప్పు రాజేసింది.

జట్టు పెద్ద క్లిఫర్డ్ గుడ్ల బుట్ట పట్టుకొచ్చి కింద నుంచి కేకేశాడు: "ఎడ్నమ్మా, ఆకలి దంచేస్తోంది. దిగొచ్చి నాలుగు గుడ్లు వేయించి పెట్టవూ?"

"బుట్ట ఇటివ్వు," అని అందుకుంది. బొగ్గు పార కడిగి, కొవ్వు రాసి, దాని మీదే గుడ్లు కొట్టి ఇంజన్ పొయ్యి మంటలో పెట్టింది.

"అబ్బ, ఏం వాసన! ఇలా అందించు," అన్నాడు క్లిఫర్డ్.

"తినాలనుంటే పైకెక్కు. ఈసారి నేను దిగేది లేదు."