మైనస్ రెండు

యాభైల్లో మాట. అమలాపురంలో కాలేజీ పెట్టిన కొత్తల్లో లెక్కల గ్రూపులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ శుక్రవారం పరీక్ష కాగితాలిచ్చారు. నాలుగు లెక్కలూ ఒకే రకం, నాలుగింటికీ నాకు సున్నాయే.

"మీకెందుకండీ ఈ లెక్కలు, చరిత్రలోకి మారిపోండి. నాన్నగారితో మాట్లాడేను, సంతకం కూడా పెట్టేరు," అన్నారు మాస్టారు. గ్రూపు మార్చే ఆ దరఖాస్తు సోమవారం సాయంత్రం ఆఫీసులో ఇచ్చేస్తారట. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్నొక్క మాట అడగొద్దూ?

మొదటి లెక్క ఇది. నాలుగు x వర్గానికి x కలిపి, వర్గమూలం తీసి, x తో భాగించాలి. x రుణ అనంతం వైపు పోతుంటే జవాబు ఎక్కడికి చేరుతుంది? క్లాసంతా రెండు అని రాసింది. నేను మైనస్ రెండు అని రాశాను. పైన వర్గమూలం ధనం, కింద x రుణం. మరి మైనస్ రాక ఏమవుతుంది?

శనివారం అన్నం సయించలేదు. వీధరుగు నుంచి పెరటి దాకా, పెరటి నుంచి వీధరుగు దాకా తిరిగాను.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు!" అని అమ్మ కసిరింది.

అంతమందీ తప్పు రాస్తారా, నాదే పొగరేమో అని భయం కూడా వేసింది. ఆదివారం ఉండబట్టలేక పలక తీసి, x బదులు మైనస్ వంద పెట్టి చూశాను. పైన ఇంచుమించు రెండు వందలు, కింద మైనస్ వంద. మైనస్ రెండే! ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

సోమవారం ఆ పలక తీసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు.

"ఆయ్, మీదే రైటండీ. x ని వర్గమూలంలోంచి బయటికి తెచ్చినప్పుడు గుర్తు చూసుకోలేదు నేను. మార్కులు దిద్దేస్తాను."

"మరి నాన్నగారికి ఎవరు చెప్తారండీ?" అన్నాను. "నాకు లెక్కలు రావనేగా సంతకం పెట్టేరు."

మాస్టారు దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రం బస్సులో నాతో మా ఊరు వచ్చారు.

నాన్న పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. మాస్టారు కూర్చోకుండానే, "తప్పు నాదండీ, మీ అమ్మాయిది కాదు," అన్నారు.

నాన్న తెల్లబోయారు. మాస్టార్లు తప్పు చేస్తారని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"పెద్ద తప్పాండీ?"

"చిన్న గీతండీ. దానికే సున్నా పెట్టేను."

నాన్న నన్ను ఎగాదిగా చూశారు. "ఇంతకీ దీనికి లెక్కలొచ్చాండీ?"

"నాకంటే బాగా వచ్చండీ."

నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కుడిచెయ్యి చాపారు.

"అయితే ఆ కాయితం ఇలా ఇచ్చెయ్యండి, మాస్టారూ."