బందరు రేవులో అమ్మ

బందరు రేవులో పండగ చేస్తున్నారని, పాతకాలం ఓడల సంగతులన్నీ చూపిస్తారని, పడవల్లో ఊరికే తిప్పుతారని మా చర్చిలో ఎవరో చెబితే అమ్మ విని ఊరుకుంది. మర్నాడు కాఫీ తాగుతూ, "వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లొద్దామా?" అంది. నాకు ఆశ్చర్యమేసింది. నాన్న పోయాక విజయవాడలో మా ఇంటికొచ్చేసిన అమ్మ, బందరు మాటెత్తడం అదే మొదటిసారి.

నాన్న ఆ రేవులోనే పనిచేసేవాడు. లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా ఆగిపోయేవి. ఆయనా, తోటివాళ్లూ పడవల్లో వెళ్లి సరుకు దింపుకొచ్చేవాళ్లు. అమ్మ రోజూ తెల్లవారుజామున లేచి క్యారేజీ కట్టేది. సాయంత్రం అది సగం నిండుగానే తిరిగొచ్చేది. "నా వంట నచ్చకపోతే చెప్పొచ్చుగా" అని అమ్మ అలిగేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఎన్నిసార్లు అడిగినా ఆమెను పడవెక్కించలేదు. ఆడవాళ్లని ఎక్కనివ్వరనేవాడు.

పండగ రోజు రేవంతా రంగు జెండాలు. ఓడల బొమ్మలూ, బందరు నుంచి ఒకప్పుడు అద్దకం బట్టలు ఏయే దేశాలకు వెళ్లేవో చూపే పటాలూ పెట్టారు. అమ్మ వాటి ముందు ఎక్కువసేపు ఆగలేదు. నేరుగా పడవ కోసం నిలబడ్డ వరస దగ్గరికి నడిచింది.

తీరా మా వంతు వచ్చేసరికి అమ్మకి కాలు ముందుకు పడలేదు. "వద్దులేవే, నువ్వెళ్లిరా" అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

పడవ నడిపే ఆయన దిగొచ్చి, "నా భుజం పట్టుకోండి మామ్మగారూ. తొందరేం లేదు" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లెవరూ విసుక్కోలేదు. అమ్మ కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుని ఎక్కింది.

రేవు కాలవ దాటి సముద్రంలోకి రాగానే పడవ లేచి పడింది. అమ్మ ముఖం పాలిపోయింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక్కి తిప్పేయమని చెబుదామని నేను లేవబోతే చేత్తో ఆపింది. కాసేపటికి తేరుకుని, నీళ్లకేసి చూస్తూ, "ఈ ఊపులో అన్నం ఎలా దిగుతుందే మనిషికి? ఒక్కమాట చెప్పలేకపోయాడా?" అంది.

"చెబితే నువ్వు భయపడేదానివి. మర్నాడు పనికి పంపేదానివి కాదు."

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఉప్పునీళ్లు చిమ్మి ఇద్దరి చీరలూ తడిశాయి. తర్వాత మెల్లగా నా చెయ్యి వదిలి, పడవ అంచు పట్టుకుని నిటారుగా కూర్చుంది.

తిరుగుదారిలో పామర్రు దగ్గర ఆగితే ఇడ్లీ అడిగి మరీ తింది. ఇంటికొచ్చి నడుం వాల్చిన కాసేపటికే గదిలోంచి నవ్వు వినిపించింది. ఏమైందోనని వెళ్లి చూశాను.

"మంచం ఊగుతోందే" అంది అమ్మ, రెండు చేతులా పట్టెలు పట్టుకుని.

నేనూ పక్కనే పడుకున్నాను. నిజమే, ఊగుతున్నట్టే ఉంది.