ఆయిల్లో ఉప్పునీళ్లు

మా వదిన కంటే ముందు ఆవిడ కోపం పుట్టి ఉంటుంది. తండ్రి దగ్గర పని నేర్చుకుని, రేవు వెనక రేకుల షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేస్తుంది. ఎవరైనా చెడిపోయిన ఇంజన్ తెస్తే ముందు తెచ్చినవాణ్ణి విప్పుతుంది, తరవాత ఇంజన్ని. "మూలుగుతున్నప్పుడే తేవడానికేం రోగం? పీనుగయ్యాక తెస్తే నేనేం చెయ్యను?" అంటుంది. పని నిక్కచ్చి కాబట్టి తిట్లు తిని మరీ వస్తారు.

మా అన్న జనాన్ని ఉప్పుటేరు అవతలి ఒడ్డుకు దాటించే బోటు డ్రైవరు. ఆ బోటుకే నేను గట్టు మీద కూర్చుని టిక్కెట్లు ఇస్తాను. అన్నకు నోరు లేదు. నేను, వదిన ఉన్న ఇంట్లో మూడో మనిషికి నోరెక్కడ మిగులుతుంది? ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, నా వాటా అధికారం నేనెప్పుడూ వదులుకోలేదు.

ఆ రోజు పొద్దున బోటు కదల్లేదు. ఓనరు ఆయిల్ చూసే పుల్ల పైకి లాగి అందరికీ చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంది.

"మొన్న వానలో ఆయిల్ పోసే మూత తీసి వదిలేశాడు వీడు. ఇంజన్ పోయిందంటే వీడి ఉద్యోగమూ పోయినట్టే" అన్నాడు.

అన్న బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నేళ్లు ఆ బోటును కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని పట్టుకుని, జనం ముందు వీడూ వాడూ అంటాడా?

వదినకు కబురు పంపారు. పనిముట్ల సంచీతో వస్తుంటే నేను ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, గాస్కెట్ పోయిందని చెప్పు. పాతబడి పోయిందంటే ఎవరి తప్పూ కాదు. అన్న ఉద్యోగం నిలబడుతుంది."

"పోయిందో లేదో చూడకుండానా?"

"చూసినట్టు చూసి అదే చెప్పు."

"ముందు చెయ్యి వదులు" అని బోటులోకి దిగింది.

బోటులో టీ కాచే స్టవ్ మీద రేకుముక్క వేడిచేసి దాని మీద ఒక చుక్క ఆయిల్ వేసింది. చిటపటలాడింది. నీళ్లు కలిశాయన్నది ఖాయమైంది. ఇంజన్ అడుగున బోల్టు విప్పితే ముందు నీళ్లు వచ్చాయి, వాటి వెనక ఆయిల్. ఆ నీళ్లలో వేలు ముంచి, నాలిక చివర తాకించి, తుపుక్కున ఉమ్మింది.

"ఉప్పగా ఉన్నాయి. వాన నీళ్లు ఉప్పగా ఉండవు ఓనరు గారూ. మూత సంగతి ఇక ఎత్తకండి."

నా గుండె పొంగింది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగితే మా వదినెలా అవుతుంది? గాస్కెట్ పోతే ఆయిల్లో కలిసేవి రేడియేటర్లోని మంచినీళ్లు, అవి తగ్గలేదు కాబట్టి గాస్కెట్ బాగానే ఉందంది. ఆయిల్ని చల్లబరిచే కూలర్ ఊడదీసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచింది. ఒక్క బుడగ రాలేదు, చిల్లు లేదన్నమాట. "చాల్లే వదినా" అని గొణిగాను. వినలేదు. చివరికి పొగగొట్టం వంపు విప్పింది. లోపల ఇంజన్ దాకా ఉప్పు చారలు, కొత్త తుప్పు కనిపించాయి.

వదిన తలెత్తి అన్నను చూసింది.

"సెల్ఫ్ కొడుతుంటే ఇంజన్ అందుకోలేదా?"

"మొన్న సాయంత్రం" అన్నాడు అన్న.

"నీళ్ల వాల్వు కట్టేశావా?"

"జనం అరుస్తున్నారు. మరిచిపోయాను."

ఇంజన్ని చల్లబరచడానికి పంపు బయటి నీళ్లను లోపలికి తోడుతుంది. చివరికి పొగగొట్టంలోకి చేరే ఆ నీళ్లను సైలెన్సర్లోంచి బయటికి తోసేది పొగే. ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ కొడుతూ పోతే నీళ్లొస్తాయి కానీ పొగ రాదు. ఆ నీళ్లు నిండి, వెనక్కి ఇంజన్లోకే పారతాయి. అందుకే వాల్వు కట్టి కొట్టాలి. బోటు తాళం పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి.

వదిన ఆయిల్ని గుడ్డలో వడకట్టింది. గుడ్డ మీద మెరిసే ఇనుపరజను మిగిలింది.

"నిన్నంతా దీంతోనే తిప్పావా?"

అన్న తలూపాడు.

"బేరింగులు పోయాయి" అంది వదిన, ఓనరు వినేలాగే.

ఓనరు చెయ్యి చాపాడు. అన్న తాళం ఇచ్చేశాడు. ఉద్యోగం పోయింది. నా ఒళ్లు మండిపోయింది.

"కడుపు చల్లబడిందా వదినా? సొంత మొగుడి నోట్లో మన్ను కొట్టావు."

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. అన్న మీదికి వెళ్లింది.

"మొన్న సాయంత్రమే చెప్పుంటే ఆయిల్ మార్చేసేదాన్ని, అంతటితో పోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు. ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని నోరు మూసుక్కూర్చున్నావు. ఈ ఓనరంటే అంత భయమా నీకు?"

"ఆయనంటే కాదు" అన్నాడు అన్న.

"మరెవరంటే?"

"చెబుదామనే మొన్న షెడ్డు దాకా వచ్చాను. ఇంజన్ ఆలస్యంగా తెచ్చాడని ఒకతన్ని తిడుతున్నావు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయాను. ఇంటికెళ్లి చెల్లికైనా చెబుదామనుకున్నాను. అదీ ఎవరినో తిడుతోంది."

వదిన ఆయిల్ గుడ్డ మడిచి సంచీలో పెట్టింది. నేను టిక్కెట్ల పుస్తకం మూసేశాను. అన్న చెప్పులు తొడుక్కుని రేవు మెట్లెక్కి వెళ్లిపోయాడు.