సున్నం పూసిన శొంఠి

"...తడి చెయ్యి పెట్టకపోతే కాయానికి బూజు వాసన యాడనుంచి వస్తాది మల్ల?"

"పెట్టలేదత్తా. తెచ్చిన దినమే ఆ వాసన ఉండింది."

"ముత్తమ్మక్కకు తెలీంది నీ ముక్కుకు తెలిసిందా? తడి తగిలింటాదని ఆయక్కే సెప్పింది."

బాలింతను చూసిపోదామని వచ్చిన ముత్తమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. ఆ మాట తనదే. నిన్న ఈ ఇంటి అత్త సుంకులమ్మ వచ్చి కాయానికి బూజు వాసనెందుకని అడిగితే, చెరుగుతున్న చాట దించకుండానే అనేసింది.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఏ ఇంట కాన్పయినా, బాలింత తొలి ముద్దలో నెయ్యితో కలిపే కాయం ముత్తమ్మ దంచిందే. మొగుడు పోయాక ముప్పై ఏళ్లుగా ఆ రోలే ఆమెకు ఆధారం. అరుగుదలకు శొంఠి, ఉబ్బరానికి వాము, దగ్గుకు మిరియాలు, పిప్పళ్లు. దేనికదే విడిగా వేయించి, వాసన మారీ మారకముందే దించేది. ఆదోని అంగట్లో శొంఠి కొమ్ము విరిచి వాసన చూసి, నిరుటిదో ముందటేటిదో చెప్పేది. మరీ తెల్లటి శొంఠిని నమ్మొద్దని, పురుగు కన్నాలు కనపడకుండా సున్నం పూస్తారని వీధిలో కోడళ్లందరికీ నేర్పింది కూడా ఆమే.

రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గింది. దాంతోపాటే వాసనా పోయింది. ఇంగువ నలిపినా, పోపు మాడినా తెలియడం లేదు. ఎవరికీ చెప్పలేదు. రంగు చూసి వేయించింది, కంటితో చూసి కొన్నది. ఈసారి ఆదోనిలో కన్నాలు లేనివి చూడబోయి, తాను వద్దని చెప్పే తెల్లటి కొమ్ములే ఏరి ఏరి తెచ్చింది. నిన్న సుంకులమ్మ వెళ్లాక, అనుమానమొచ్చి మిగిలిన కొమ్ములు నీళ్లలో వేసింది. తెలుపంతా గిన్నె అడుగుకు దిగి, కన్నాలు బయటపడ్డాయి. గబగబా నీళ్లు పారబోసి, గిన్నె తోమి బోర్లించింది.

లోపల కోడలు మద్దమ్మ గోడవైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది. మూడు రోజులుగా కాయం నోట పెట్టలేక వట్టన్నమే తింటోందట. ఇంత మొండిదాన్ని తాను సాకలేనని, పుట్టింటికి కబురు పంపుతానని అంటోంది సుంకులమ్మ.

ముత్తమ్మ మెట్టు దిగింది. వీధిలోకి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది.

ఆమెను చూడగానే సుంకులమ్మ పీట వాల్చి, నువ్వే గట్టిగా సెప్పక్కా అంటూ కాయం డబ్బా చేతికిచ్చింది. ముత్తమ్మ కూర్చోలేదు. డబ్బా మూత తీయలేదు. మద్దమ్మ ముఖం చూడలేక, మూత మీదే కళ్లు పెట్టి మాట్లాడింది.

"తడి తగల్లేదు. శొంఠే పుచ్చింది. నాకు వాసన పోయి రెండేండ్లాయ, సుంకులమ్మా. ఈ పొద్దునుంచి నేను కాయం దంచను. ఎందుకు దంచనో ఇంటింటికీ పోయి నేనే సెప్తాను."