విశ్వం కన్నా ముసలి గెలాక్సీ

2004 జూన్‌లో నన్ను రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్‌గా వేశారు. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి నమోదయ్యాను. నా విషయం, విశ్వం తొలినాళ్ల గెలాక్సీల్లో నక్షత్రాల వయసు. రేపల్లెలో కూర్చుని ఏం చూస్తారండి, మబ్బులా, అని స్టాఫ్ రూమ్‌లో నవ్వారు. నవ్వితే నవ్వారు. అంతరిక్ష టెలిస్కోపులు తీసిన చిత్రాలను కొంతకాలానికి అందరికీ ఇంటర్నెట్‌లో పెడతారు. ఆదివారాలు పాసింజరెక్కి తెనాలి వెళ్లి, కరీముల్లా గారి నెట్ సెంటర్లో వాటిని సీడీల్లోకి దింపుకునేదాన్ని.

"అందరూ రిజల్ట్స్ కోసం వస్తే మీరు ఈ మచ్చల కోసం వస్తారేంటి మేడమ్" అనేవారాయన.

అంత దూరాన నక్షత్రాలు విడిగా కనబడవు. గెలాక్సీ మొత్తం ఒక మచ్చ. దూరం వల్ల వచ్చే ఎరుపును లెక్కగట్టి తీసేశాక, మిగిలిన వెలుగు నీలంగా ఉంటే నక్షత్రాలు లేతవి, ఎర్రగా ఉంటే ముదురువి. 2007కి ఏడు గెలాక్సీల పట్టిక తయారైంది. ఆరు బుద్ధిగా కుదిరాయి. ఏడోదాని నక్షత్రాలకు నూట యాభై కోట్ల ఏళ్లు తేలాయి. ఆ వెలుగు బయల్దేరేనాటికి విశ్వానికే సుమారు వంద కోట్ల ఏళ్లు. తల్లి కన్నా పిల్ల పెద్దదన్నమాట.

బాపట్లలో ఉండే మా గైడు గారు పట్టిక చూసి, "ఏడోది తీసెయ్యమ్మా, ఆరు చాలు. గడువు మూడు నెలలే ఉంది" అన్నారు. గడువు దాటితే నమోదు రద్దు. డాక్టరేట్ లేకపోతే శాఖాధిపతి పదవి నా జూనియర్‌కు పోతుంది. అన్నీ తెలుసు. అయినా ఒళ్లు మండింది.

"లేదండి. ఎందుకు తప్పో తెలీకుండా తియ్యను" అన్నాను.

ఏడోది ఉన్న థీసిస్ మీద ఆయన సంతకం పెట్టలేదు. గడువు పోయింది, పదవీ పోయింది. జూనియర్ రాసిచ్చిన టైమ్‌టేబుల్ ప్రకారం పాఠాలు చెప్పుకుంటూ, గైడు గారి దగ్గరే మళ్లీ నమోదయ్యాను.

కారణం దొరకడానికి ఏడు నెలలు పట్టింది. పరారుణ చిత్రాల్లో మచ్చలు అలుక్కుపోతాయి. పక్కనే కనిపించే మరో గెలాక్సీ ఎర్ర వెలుగు నా ఏడోదాంట్లో కలిసిపోయింది. దాన్ని వేరుచేస్తే వయసు నలభై కోట్లకు దిగింది. అంతటితో ఆగకుండా మిగతా ఆరింటినీ అలాగే పరీక్షించాను. బుద్ధిగా కుదిరినవాటిలో రెండు అదే తప్పుతో ఉన్నాయి. అందులో ఒకటి గైడు గారు మెచ్చుకుని కింద గీత గీసింది.

కొత్త పట్టికలో ఆ మూడింటికీ పాత వయసూ కొత్త వయసూ పక్కపక్కనే వేశాను. తప్పును ఎవరైనా అచ్చేసుకుంటారా అని ఆయన అడిగారు. నేను వేసుకుంటానండి అన్నాను. ఈసారి ఆయన సంతకం పెట్టారు.

శాఖాధిపతిని కాకుండానే రిటైరయ్యాను. నాకు చింత లేదు. ఆ రోజు ఏడో వరుస కొట్టేసి ఉంటే మిగతా రెండు తప్పులూ నా పేరు మీద నిజాలుగా చలామణి అయ్యేవి. పట్టికలో తప్పుందని చెప్పింది ఆ ఒక్క వరుసే, గైడు గారు తీసెయ్యమన్నదీ దాన్నే.